దాది పెట్టిన బుట్ట

2025 ఆగస్టు 28న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఫెడరల్ ప్రభుత్వం కట్టే భవనాలు అందంగా ఉండాలనీ, అందుకు క్లాసికల్ శైలికీ ఇతర సంప్రదాయ శైలులకూ ప్రాధాన్యం ఇవ్వాలనీ దాని సారాంశం. రాజధాని వాషింగ్టన్‌లోనైతే ప్రత్యేక కారణం ఉంటే తప్ప గ్రీకు, రోమన్ సంప్రదాయం నుంచి వచ్చిన క్లాసికల్ శైలే ఉండాలట. ఇలాంటి ఉత్తర్వునే ఆయన 2020 డిసెంబర్‌లోనూ ఇచ్చాడు. రెండు నెలలకే, 2021 ఫిబ్రవరిలో, బైడెన్ దాన్ని రద్దు చేశాడు. వీటన్నిటికంటే ముందు, 1962లో, డేనియల్ పాట్రిక్ మోయ్‌నిహాన్ రాసిన మార్గదర్శక సూత్రాలు ప్రభుత్వానికంటూ ఒక అధికారిక శైలి ఉండకూడదని స్పష్టంగా చెప్పాయి. అరవై ఏళ్ల తర్వాత ఆ మాట తలకిందులైంది. ఏది అందమో ప్రభుత్వం చెప్పే రోజు వచ్చింది.

ఎక్కడో వాషింగ్టన్‌లో ఏ రకం స్తంభాలు నిలబెడితే మనకేమిటి అనుకోవచ్చు. కానీ మన ఊళ్లలో ఏ ఫంక్షన్ హాలు ముందైనా ఒకసారి ఆగి చూడండి. గీతలు తీరిన గుండ్రటి తెల్ల స్తంభాలు, పైన ఆకుల గుత్తులు, ఆ పైన త్రికోణం. హైదరాబాద్ శివార్ల విల్లాల్లో, విజయవాడ, గుంటూరు దారుల్లో కొత్తగా లేచిన ఇళ్లలో అవే. అచ్చుల్లో సిమెంటు పోసి చేసినవి కొన్ని, ఫైబర్‌వి కొన్ని. పెళ్లిమండపంలో పెళ్లికూతురు కూర్చునే పీట వెనకా అవే స్తంభాలు. వాటిని మనం రోమన్ పిల్లర్లు అని పిలిచి ఊరుకుంటాం. వాటి తల మీద ఆ ఆకులు ఎలా వచ్చాయో ఒక పాత కథ ఉంది. అది ఒక అమ్మాయి చావు కథ. ఆ కథ తెలిశాక ఆ స్తంభాలని ఇదివరకటిలా చూడలేం.

ముందు మాట సంగతి చూద్దాం. క్లాసికల్ అనే మాటకి తెలుగులో ఒక్క అర్థం స్థిరపడలేదు. సంగీతం దగ్గర 'శాస్త్రీయం' అన్నాం. 2008లో కేంద్రం తెలుగు భాషకి ఇచ్చినప్పుడు అదే మాట 'ప్రాచీన' హోదా అయింది. మొదటిదానిలో నియమం ఉంది, రెండోదానిలో వయసు ఉంది. అసలు లాటిన్ మాటలో వీటికంటే ముందు మరొకటి ఉంది. రోమ్‌లో ఆస్తిని బట్టి పౌరుల్ని తరగతులుగా విడదీసినప్పుడు, పై తరగతి వాడిని క్లాసికస్ అనేవారు. ఆ తర్వాతే అది ఉత్తమ రచయితలకు విశేషణం అయింది. అంటే తరగతి అనేది ఆ మాట పుట్టుకలోనే ఉంది. ఒక శైలిని క్లాసికల్ అన్నప్పుడు అది పాతది అని మాత్రమే చెప్పడం లేదు, పైది అని కూడా చెబుతున్నాం.

ఇటీవలి క్లాసికల్ పునరుద్ధరణ ట్రంప్‌తో మొదలైంది కాదు. 1984 మే నెలలో బ్రిటిష్ వాస్తుశిల్పుల సభలో అప్పటి యువరాజు చార్లెస్, లండన్ నేషనల్ గ్యాలరీకి తలపెట్టిన కొత్త భాగాన్ని ఆప్తమిత్రుడి ముఖం మీద లేచిన కురుపుతో పోల్చాడు. 1989లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం తన వాస్తుశిల్ప శాఖ మొత్తాన్ని క్లాసికల్ బోధన వైపు తిప్పింది. 1993లో చార్లెస్ ఎస్టేటు భూమిలో, లియాన్ క్రియర్ వేసిన ప్రణాళిక ప్రకారం, పౌండ్‌బరీ అనే ఊరి నిర్మాణం మొదలైంది. 2003లో ఇలాంటి కట్టడాల కోసమే డ్రీహాస్ బహుమతి పెట్టి, మొదటిది క్రియర్‌కే ఇచ్చారు. హిట్లర్ వాస్తుశిల్పి ఆల్బర్ట్ స్పీర్ కట్టడాల మీద 1985లో పుస్తకం వేసి, ఆ మనిషి నేరాన్ని బట్టి ఆ శైలిని తూచకూడదని వాదించింది కూడా ఈ క్రియరే.

అయితే ఈ శైలిని ఇష్టపడేవాళ్లంతా నియంతల అభిమానులు అనడం అన్యాయం. ఈ శైలి కోసం పనిచేసే ఒక సంస్థ 2020లో చేయించిన సర్వేలో అమెరికన్లలో 72 శాతం మంది ప్రభుత్వ భవనాలు సంప్రదాయ రీతిలో ఉండటమే ఇష్టమన్నారు. కిటికీ ఎక్కడో, తలుపు ఎక్కడో తెలియని గాజుపెట్టెల ముందు నిలబడి విసిగిపోయిన మనిషికి, నీడనిచ్చే వసారా, ఎక్కడానికి మెట్లు, చూపు ఆనడానికి నాలుగు చెక్కడాలు ఉన్న ఇల్లు బాగుంటుంది. అది సహజమైన కోరిక. ఆ అందం మీద నాకు పేచీ లేదు. ఈ పునరుద్ధరణవాదులు ఆ అందాన్ని కాలానికీ, రాజకీయానికీ అతీతమైనదిగా చూపిస్తారు. పేచీ అక్కడుంది. ఆ శైలికి మూలగ్రంథం అనదగినది ఒకటుంది. సాహిత్య విద్యార్థిగా నాకు తెలిసిన పని పుస్తకం చదవడం. కాబట్టి స్తంభాలని వదిలి ముందు ఆ పుస్తకం చదువుదాం.

క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం చివర్లో విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి పది భాగాల గ్రంథం రాసి అగస్టస్ చక్రవర్తికి అంకితం ఇచ్చాడు. గ్రీకు, రోమన్ కాలాల నుంచి వాస్తుశిల్పం మీద మనకు సమగ్రంగా మిగిలింది ఇదొక్కటే. నాలుగో భాగంలో స్తంభాలు ఎలా పుట్టాయో చెబుతాడు. డోరిక్ స్తంభం మగవాడి శరీరం. మగవాడి పాదం అతని ఎత్తులో ఆరో వంతు కనక ఆ స్తంభం ఎత్తు కూడా దాని మందానికి ఆరు రెట్లు. బలంగా, నగలు లేకుండా ఉంటుంది. అయోనిక్ స్తంభం స్త్రీ శరీరం. సన్నగా, మందానికి ఎనిమిది రెట్లు ఎత్తుగా ఉంటుంది. అడుగున ఉన్న పీఠం ఆమె చెప్పు, తల మీద అటూ ఇటూ చుట్టలు తిరిగినవి ఆమె ముంగురులు, నిలువు గాళ్లు గౌరవనీయ గృహిణి వస్త్రం కుచ్చెళ్లు. మూడోది కొరింథియన్. అది పెళ్లి కాని పిల్ల. ఇంకా సుకుమారం. మన ఫంక్షన్ హాళ్ల ముందు నిలబడేది ఎక్కువగా ఈ మూడోదే.

కొరింథియన్ స్తంభం తల ఎలా వచ్చిందో కూడా విట్రూవియస్ చెప్పాడు. కొరింత్ నగరంలో పెళ్లీడుకొచ్చిన ఒక అమ్మాయి జబ్బు చేసి చనిపోయింది. ఆమె బతికున్నప్పుడు ఇష్టపడిన చిన్న చిన్న వస్తువులన్నీ దాది ఏరి, ఒక బుట్టలో పెట్టి, సమాధి దగ్గరికి తీసుకెళ్లి ఉంచింది. ఎండకీ వానకీ పాడవకుండా పైన ఒక పెంకు కప్పింది. ఆ బుట్ట కింద అకాంథస్ అనే మొక్క వేరు ఉంది. వసంతం వచ్చేసరికి ఆకులు బుట్ట చుట్టూ అల్లుకుని పైకి లేచి, పెంకు మూలల దగ్గర అడ్డుపడి కిందికి వంపు తిరిగాయి. ఆ దారిన పోతున్న కల్లిమాకస్ అనే శిల్పి అది చూసి ముచ్చటపడి, ఆ రూపంతో కొరింత్ వాళ్లకి స్తంభాలు చేసి, కొలతలు స్థిరపరిచాడు. కథ ఇంతే.

ఈ కథని వాస్తుశిల్ప విద్యార్థులకి రెండువేల ఏళ్లుగా శిల్పి సూక్ష్మదృష్టికి ఉదాహరణగా చెబుతూ వచ్చారు. మనం ఇంకోసారి చదవాలి. ఇందులో పేరున్నది ఒక్క కల్లిమాకస్‌కే. అమ్మాయికి పేరు లేదు. దాదికి పేరు లేదు. వస్తువులు ఎంచినది, బుట్టలో అమర్చినది, ఎక్కడ పెట్టాలో నిర్ణయించినది, పాడుకాకుండా పెంకు కప్పినది దాది. ఆ తలకట్టు ఆకారమంతా ఆమె చేతి అమరికే. బుట్ట గుండ్రన ఆమెది, పైన చదరపు పలక ఆమె కప్పిన పెంకు. ఆ చేసినది కళ అని ఆమె అనుకుని ఉండదు. దుఃఖంలో ఆడవాళ్లు చేసే పనుల్లో అదొకటి. చూసినవాడు కళాకారుడయ్యాడు, చేసినామె దాదిగానే మిగిలింది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇంటి పనిలో మునిగి తన పేరే మర్చిపోయిన గృహిణిని చదివిన మనకి ఈ పేరు లేకపోవడం కొత్తగా ఉండదు.

ఇది నిజంగా జరిగిందా అంటే, జరిగిందని ఎవరూ చెప్పలేరు. కొరింథియన్ తలకట్టుల్లో మనకు తెలిసిన తొలి నమూనా బస్సేలోని అపోలో ఆలయానిది, క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దం చివరి భాగంలోది. కథ రాసినది అంతకు నాలుగువందల ఏళ్ల తర్వాత. కానీ ఒక సమాజం తన అందానికి ఎలాంటి పుట్టుక కథ చెప్పుకుందన్నది కూడా చరిత్రే.

విట్రూవియస్ మొదటి భాగంలోనే ఇంకో కథ చెప్పాడు. వాస్తుశిల్పికి చరిత్ర ఎందుకు తెలియాలి అన్న ప్రశ్నకి ఉదాహరణగా చెప్పాడు. మీరు స్తంభాలకి బదులు బరువు మోసే స్త్రీల ప్రతిమలు నిలబెడితే, ఎవరైనా ఇదేమిటని అడుగుతారు, అప్పుడు జవాబు చెప్పగలగాలి అంటాడు. ఆయన చెప్పిన జవాబు ఇది. కారియే అనే ఊరు పర్షియన్లతో చేతులు కలిపింది. గ్రీకులు గెలిచాక ఆ ఊరి మగవాళ్లని చంపి, స్త్రీలని బానిసలుగా పట్టుకెళ్లారు. గృహిణులుగా వాళ్లు కట్టుకున్న పొడుగు వస్త్రాలు గానీ నగలు గానీ తీయనివ్వలేదు. ఎప్పటికీ ఆ అవమానం మోస్తూ ఉండాలని. ఆ కాలపు శిల్పులు వాళ్ల రూపాలని ప్రభుత్వ భవనాలకి బరువు మోసే స్తంభాలుగా చెక్కారు, తర్వాతి తరాలకి ఆ శిక్ష గుర్తుండాలని. కారియాటిడ్ అనే పేరు అలా వచ్చిందంటాడు. ఊరి తప్పుకి స్త్రీల శరీరం మీద శిక్ష వేయడం, ఆ శిక్షని అలంకారంగా మార్చడం, ఆ అలంకారాన్ని పాఠ్యాంశం చేయడం, మూడూ ఈ పది వాక్యాల్లోనే ఉన్నాయి.

చరిత్రకారులు ఈ కథని నమ్మరు. స్త్రీరూప స్తంభాలు పర్షియన్ యుద్ధాలకి ముందే ఉన్నాయి. డెల్ఫీలో సిఫ్నోస్ ద్వీపవాసులు కట్టించిన కోశాగారానివి క్రీస్తుపూర్వం 525 ప్రాంతంవి. అందరికీ తెలిసిన ఏథెన్స్ ఎరెక్థియాన్ మండపంలోని ఆరుగురిని ఆనాటి లెక్కల శాసనం 'కోరే', అంటే అమ్మాయిలు, అని మాత్రమే పిలిచింది. ఆ ఎరెక్థియాన్ లెక్కల్లో పనివాళ్ల పేర్లు, రోజుకూలి కూడా చెక్కి ఉన్నాయి. పౌరులు, స్థిరపడిన పరదేశులు, బానిసలు పక్కపక్కన పనిచేశారు, చాలామందికి రోజుకి ఒక్క డ్రాక్మా కూలి. ఆ ఆరుగురిలో ఒకామెని ఎల్గిన్ ప్రభువు ఊడబెరికి తీసుకుపోయాడు. 1816 నుంచి ఆమె లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మిగిలిన ఐదుగురు ఏథెన్స్ మ్యూజియంలో ఉన్నారు. మండపంలో ఇప్పుడు నిలబడినవి నకళ్లు.

విట్రూవియస్ గ్రంథం పదిహేనో శతాబ్దంలో మళ్లీ వెలుగులోకి వచ్చి, 1486 ప్రాంతంలో అచ్చయింది. అక్కడి నుంచి స్తంభాలకి శరీరంతో పాటు శీలం కూడా అంటగట్టారు. ఇటలీలో సెర్లియో 1537లో, కొరింథియన్ శైలిని కన్య మేరీకీ, కన్యలుగా ఉండిపోయిన సాధ్వులకీ కట్టే చర్చిలకి వాడమన్నాడు. 1624లో ఇంగ్లండులో సర్ హెన్రీ వాటన్ అదే కొరింథియన్‌ని వేశ్యలా సింగారించుకున్న స్తంభం అన్నాడు. ఒక్క రాయి, ఒక్క ఆకుల గుత్తి. ఒకరికి కన్య, ఇంకొకరికి వేశ్య. మన కావ్యాల్లో నాయికల వర్గీకరణ చదివినవాళ్లకి ఈ లెక్క కష్టం కాదు. స్త్రీకి రెండే గదులు ఉన్న ఇల్లు అది.

ఈ పుస్తకాలూ, పల్లాడియో 1570లో వేసిన నాలుగు భాగాల గ్రంథమూ ఇంగ్లండు మీదుగా అమెరికా చేరాయి. కొత్త గణతంత్రం రోమ్‌ని అనుకరించింది. అక్కడ స్త్రీ మళ్లీ ప్రతిమగా పైకెక్కింది. కాపిటల్ భవనం గుమ్మటం మీద నిలబడింది 'స్వేచ్ఛ' అనే స్త్రీ. శిల్పి థామస్ క్రాఫర్డ్ ముందు ఆమె తల మీద స్వేచ్ఛా టోపీ పెట్టాడు. రోమ్‌లో విముక్తి పొందిన బానిసలు పెట్టుకునే టోపీ అది. అప్పటి యుద్ధమంత్రి జెఫర్సన్ డేవిస్ ఒప్పుకోలేదు. బానిసల యజమాని ఆయన, తర్వాత తిరుగుబాటు చేసిన దక్షిణ రాష్ట్రాల అధ్యక్షుడయ్యాడు. టోపీ పోయి గద్ద ఈకల శిరస్త్రాణం వచ్చింది. ఆ కంచు విగ్రహం పోతపోసిన చోట ఫిలిప్ రీడ్ అనే బానిస పనిచేశాడు. నమూనా విగ్రహాన్ని ముక్కలుగా విప్పడం ఎలాగో తెలియక పని ఆగిపోతే, కప్పీ తాడూ వేసి పైకి లాగి అతుకులు ఎక్కడున్నాయో కనిపెట్టింది అతనే. ఆదివారాలు చేసిన పనికి మాత్రం రోజుకి డాలరుంపావు అతని చేతికి వచ్చింది, మిగతా రోజుల కూలి యజమానికి పోయింది. 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దయ్యాక అతను స్వేచ్ఛ పొందాడు. 1863 డిసెంబర్ 2న స్వేచ్ఛ విగ్రహం గుమ్మటం మీదికి చేరింది. ఆ విగ్రహం కింద ఉన్న సభలో ఎవరుండాలో నిర్ణయించే ఓటు దేశవ్యాప్తంగా స్త్రీలకి రావడానికి ఇంకో యాభై ఏడేళ్లు, 1920 దాకా, పట్టింది. దక్షిణ రాష్ట్రాల నల్లజాతి స్త్రీలలో అత్యధికులకి 1965 దాకా అది కాగితం మీది హక్కే.

ఇక్కడితో ఆగితే కథ సులువుగా ఉండేది. క్లాసికల్ అంటే స్త్రీలని రాయిగా మార్చిన శైలి అని తేల్చేయవచ్చు. కానీ స్త్రీలు ఆ మెట్ల మీద ఊరికే నిలబడలేదు. 1913 మార్చి 3న ఓటు హక్కు కోసం వాషింగ్టన్‌లో స్త్రీలు పెద్ద ఊరేగింపు తీశారు. ఆ రోజు ట్రెజరీ భవనం మెట్ల మీద, అయోనిక్ స్తంభాల ముందు, గ్రీకు వస్త్రాలు కట్టుకున్న స్త్రీలు న్యాయం, శాంతి, స్వేచ్ఛ పాత్రలు ధరించి రూపకం ప్రదర్శించారు. గృహిణి కుచ్చెళ్లని రాతి గాళ్లుగా చెక్కుకున్న ఆ స్తంభాల ముందు నిజమైన కుచ్చెళ్లతో నిజమైన స్త్రీలు కదిలారు. ఇంతకాలం మా బొమ్మలు పెట్టుకున్నారు, ఇప్పుడు మేమే వచ్చాం అన్నట్టుగా. దారిలో మగ గుంపులు ఊరేగింపు మీద విరుచుకుపడ్డాయి. ఆ ఊరేగింపులోనే నల్లజాతి స్త్రీలని వెనక నడవమన్నారు. ఐడా బి. వెల్స్ వినలేదు, మధ్యలో తన ఇల్లినాయ్ బృందంలో చేరి నడిచింది. ఈ రెండింటినీ కలిపే గుర్తుపెట్టుకోవాలి.

జూలియా మోర్గన్ సంగతి ఇంకా ముఖ్యం. పారిస్‌లోని ఎకోల్ డే బోజార్ అప్పట్లో క్లాసికల్ వాస్తుశిల్పానికి కాశీ లాంటిది. స్త్రీలని ఆ శాఖలో చేర్చుకునేవారు కాదు. మోర్గన్ కాలిఫోర్నియా నుంచి వెళ్లి, పరీక్ష రెండుసార్లు పోయినా వదలక, 1898లో మూడోసారి నెగ్గి, వాస్తుశిల్పంలో చేరిన తొలి మహిళ అయింది. 1902లో పట్టా తెచ్చుకుని, 1904లో కాలిఫోర్నియాలో లైసెన్సు పొందిన మొదటి మహిళా వాస్తుశిల్పి అయింది. ఏడు వందలకు పైగా కట్టడాలు ఆమెవి. పత్రికాధిపతి హర్స్ట్ కోసం కట్టిన కొండమీది భవనంలో ఈతకొలను ఒడ్డున రోమన్ ఆలయ ముఖం నిలబెట్టింది. యువతుల క్రైస్తవ సంఘాలకీ, బాలికల కళాశాలలకీ ఎన్నో భవనాలు కట్టింది. మిల్స్ మహిళా కళాశాలలో 1904లో ఆమె కట్టిన గంటగోపురం 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపానికి చెక్కుచెదరలేదు. అమెరికన్ వాస్తుశిల్పుల సంస్థ తన స్వర్ణపతకం ఆమెకి ఇచ్చింది 2014లో, చనిపోయిన యాభై ఏడేళ్లకి. ఆ పతకం పొందిన మొదటి మహిళ ఆమే. ట్రంప్ 2020 ఉత్తర్వులో క్లాసికల్ మహానిర్మాతల పేర్ల వరుస ఒకటుంది. అందులో స్త్రీ పేరు ఒక్కటే, జూలియా మోర్గన్. స్త్రీ శరీరాన్ని కొలతగా మార్చిన ఆ శాస్త్రాన్నే ఆమె నేర్చుకుని, ఆ కొలబద్దని తన చేతిలోకి తీసుకుంది. ఆ పేరు వాడుకుంటున్నవాళ్లు ఆమె మూడుసార్లు పరీక్ష ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా చెబితే బాగుండేది.

2025 అక్టోబరులో శ్వేతసౌధం తూర్పు భాగాన్ని కూల్చేశారు, తొంభై వేల చదరపు అడుగుల క్లాసికల్ నృత్యశాల కట్టడానికి. 1902లో మొదలై 1942లో పెరిగిన ఆ భాగంలోనే 1977లో రోజలిన్ కార్టర్ తన కార్యాలయం పెట్టుకుంది. అప్పటి నుంచి అధ్యక్షుల భార్యలూ, వాళ్ల సిబ్బందీ పనిచేసిన చోటు అదే. భర్త పదవి నుంచి వచ్చిన చోటే కావచ్చు, అయినా ఆ భవనంలో స్త్రీలు ఉద్యోగంగా కూర్చుని పని చేసిన చోటు. గృహిణి కుచ్చెళ్లు చెక్కిన స్తంభాలు కావాలి గానీ గృహిణి బల్ల, కుర్చీ అక్కర్లేకపోయాయి.

ఆ శ్వేతసౌధంతో పోల్చి చెప్పే భవనం ఒకటి మన హైదరాబాద్ కోఠీలో ఉంది. రెండూ దాదాపు ఒకే కాలంవి, ఒకే పల్లాడియో పుస్తకాల సంతానం. నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కోసం, మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ నమూనాతో, 1803లో ఆ రెసిడెన్సీ పని మొదలైంది. ముఖమండపానికి ఆరు పెద్ద కొరింథియన్ స్తంభాలు. కొరింత్ దాది బుట్ట మూసీ ఒడ్డున ఆరుసార్లు నిలబడింది. మెట్ల దగ్గర సింహాలు, పైన త్రికోణం. నిజాంకి కంపెనీ బలం చూపించడానికి కట్టిన ముఖం అది. ఆ ముఖానికి వెనకాల ఇంకో ఇల్లు ఉండేది, రంగ్ మహల్. కిర్క్‌పాట్రిక్ పెళ్లాడిన హైదరాబాదీ ఉన్నతకుటుంబపు యువతి ఖైరున్నిసా ఉన్న అంతఃపురం. పరదా వల్ల ఆమె ముందువైపు వచ్చి భవనాన్ని చూడలేదని, ఆమె కోసం ఆ తోటలో రెసిడెన్సీకి చిన్న నమూనా కట్టించాడని చెప్పుకుంటారు. భర్త కట్టించిన స్తంభాలని భార్య బొమ్మలో చూసుకుంది.

1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపేశారు. ఆ ఏడే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నిసా మళ్లీ పిల్లల్ని చూడలేదు. హైదరాబాద్ రానివ్వకపోతే కొన్నేళ్లు మచిలీపట్నంలో గడిపింది. 1813లో చనిపోయింది. రంగ్ మహల్‌ని 1860 ప్రాంతంలో ఒక రెసిడెంటు పడగొట్టించాడు. ఇంగ్లీషు అధికారి ఇలా ఒక ముసల్మాను స్త్రీతో కాపురం చేసిన గుర్తు ఉండటం విక్టోరియా కాలపు మర్యాదకి సరిపడలేదు. కొరింథియన్ స్తంభాలు మిగిలాయి, అంతఃపురం పోయింది. విలియం డాల్రింపుల్ 2002లో వచ్చిన 'వైట్ మొఘల్స్'లో ఈ కథంతా వివరంగా రాశాడు. అందులో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఖైరున్నిసా తల్లి షరఫున్నిసా. చనిపోయిన కూతురి జుట్టు పాయ ఒకటి ఆమె ఏళ్ల తరబడి దాచి, ఇంగ్లండులో పెరిగి పెద్దదైన మనవరాలు కిట్టీకి పంపింది. ముందువైపు ఆరు స్తంభాల మీద, పోయిన పిల్ల కోసం ఒక దాది పెట్టిన బుట్ట రాయిలా నిలిచి ఉంది. వెనకవైపు ఒక ముసలితల్లి పోయిన కూతురి జ్ఞాపకాన్ని దాచుకుని ఉంది. మొదటిది వాస్తుశిల్ప చరిత్ర అయింది. రెండోది ఒక ఉత్తరంలో మిగిలింది.

1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఆ రెసిడెన్సీలోకి వచ్చింది. ఉస్మానియా మహిళా కళాశాలగా, తెలుగునేల నలుమూలల నుంచి వచ్చిన అమ్మాయిలు డెబ్బై ఏళ్లకు పైగా అక్కడ చదివారు. కంపెనీ ముఖద్వారం గుండా పుస్తకాలు పట్టుకుని నడిచారు. భవనం శిథిలమై, 2002లో ప్రమాదంలో ఉన్న కట్టడాల అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కి, తర్వాత ఏళ్ల తరబడి మరమ్మత్తులు జరుపుకుంది. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో విస్నూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి తన పంటనీ భూమినీ నిలబెట్టుకున్న ఐలమ్మ కథని, స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె నోటి మాటగానే చదివాం. పై తరగతి అనే అర్థంతో పుట్టిన క్లాసికల్ కట్టడానికి ఊరి బట్టలుతికిన స్త్రీ పేరు వచ్చింది. ఒక శైలిని నిజంగా పునరుద్ధరించడం అంటే ఏమిటో నాకు వాషింగ్టన్ ఉత్తర్వు కంటే ఈ బోర్డు బాగా చెబుతోంది. రాయి అలాగే ఉంది, దాని ముందు ఎవరు నిలబడొచ్చు అన్నది మారింది.

పేరు మారినంత మాత్రాన బరువు దిగిపోదు. ఇవాళ కొత్త రోమన్ పిల్లర్లు లేచే ప్రతిచోటా చుట్టకుదురు పెట్టుకుని, ఇసుక తట్టలు, ఇటుకలు మోసేది పాలమూరు నుంచో, ఉత్తరాంధ్ర నుంచో, ఒడిషా నుంచో వచ్చిన స్త్రీలు. తాపీ పట్టి ఆ ఆకుల తలకట్టు తీర్చేది మేస్త్రీ, మగవాడు. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. కానీ పని సమానం కాదని చెప్పడానికే తట్ట ఆమెకీ, తాపీ అతనికీ పంచి పెట్టారు. ఎరెక్థియాన్ కట్టినవాళ్ల కూలి లెక్కలు రెండువేల నాలుగువందల ఏళ్ల తర్వాత కూడా రాతి మీద ఉన్నాయి. మన కట్టడాల మస్టర్ కాగితాలు సున్నం వేసేలోపే చెత్తకుప్పలో పడతాయి.

బరువు మోస్తున్న ఈ స్త్రీలెవరని ఎవరైనా అడిగితే వాస్తుశిల్పి జవాబు చెప్పగలగాలని విట్రూవియస్ అన్నాడు. ఆ ప్రశ్న అడగాల్సింది మనమే, జవాబు వెతకాల్సింది కూడా మనమే. కోఠీ భవనంలో 1949 నుంచి చదివిన, పాఠం చెప్పిన, ఊడ్చిన, హాస్టల్లో వండిన స్త్రీల జ్ఞాపకాలు ఇంకా చాలామటుకు బతికే ఉన్నాయి. మొదటి తరం వాళ్లు తొంభైల్లో ఉన్నారు. మరమ్మత్తులప్పుడు సున్నం నూరిన, రాళ్లెత్తిన కూలీ స్త్రీలు ఊళ్లలో ఉన్నారు. రంగ్ మహల్ పునాదుల మీద ఏముందో చూపించగల విద్యార్థినులు అక్కడే తిరుగుతున్నారు. ఇవన్నీ ఒక్కొక్కటిగా ఏరి, పేర్లతో సహా, ఒకచోట పెట్టే పని ఏ పరిరక్షణ సంస్థ బడ్జెట్టులోనూ ఉండదు. మనలో ఎవరైనా ఆ పని మొదలుపెడితే, ఈసారి బుట్ట మీద అది పెట్టినవాళ్ల పేర్లు రాసుకోవచ్చు.